అక్కా, మీరు వదిలెయ్యండి

దర్జీ గారింట్లో పిల్లికి కూడా మర్యాద జరిగేది. కత్తిరించి పెట్టిన గుడ్డ మీద అది వెచ్చగా ముడుచుకుని పడుకుంటే, ఆయన కత్తెర పక్కన పెట్టి, "కాస్త లేస్తారా? ఈ చొక్కా సాయంత్రానికి ఇవ్వాలి" అని అడిగేవాడు. పిల్లి ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకునేది. ఆయన నొచ్చుకోకుండా ఇంకో చొక్కాకి కాజాలు కుట్టుకుంటూ కూర్చునేవాడు.

పిల్లికే అంత మర్యాద అయితే ఇక మనుషుల సంగతి చెప్పేదేముంది! బడి చొక్కా కోసం తల్లి వేలు పట్టుకుని వచ్చిన బుడతడిని కూడా ఆయన "బాబుగారూ, ఊపిరి బిగబట్టకండి, పొట్టని దాని మానాన వదిలెయ్యండి" అనేవాడు. చూసేవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఎందుకయ్యా ఇంత మర్యాద అని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర ఒక్కటే జవాబు. "కొలత ఇచ్చేటప్పుడు మనిషి చేతులు రెండూ ఎత్తి కదలకుండా నిలబడతాడండీ. మనం ఒళ్లంతా టేపు తిప్పుతాం. ఆ కాసేపూ ఆ మనిషికి చిన్నతనం అనిపించకూడదు. గుడ్డ ఇంకా కుట్టలేదు కదా, అందాకా మాటతోనే కప్పాలి."

ఆ ఇంట్లో పెరిగిన ఒక్కగానొక్క కూతురికి నాలుక అలాగే తిరిగింది. తండ్రిని మీరు అనేది, పక్కన కూర్చుని గుండీలు కుట్టే తల్లిని మీరు అనేది, పాలు పోసే మనిషిని మీరు అనేది, తనకన్నా ఏడాది పెద్దదైన ఎదురింటి పిల్లని కూడా మీరు అనేది. తండ్రి కూడా తక్కువ తినలేదు. "తల్లీ, భోంచేశారా?" అని కూతుర్ని అడిగేవాడు. ఇంటిల్లిపాదిలో మర్యాద సోకనిది ఒక్క నాయనమ్మే. కొడుకు "ఒరేయ్", కోడలు "ఏమ్మాయ్", మనవరాలు "ఏమే". "మీ తండ్రీకూతుళ్లు మాట్లాడుకుంటుంటే రైలు స్టేషన్లో కూర్చున్నట్టుంటుందే. 'దయచేసి వినండి' ఒక్కటే తక్కువ" అని సాధించేది.

సందు చివర ఖాళీ జాగాలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. ఈ పిల్ల కూడా చేరింది. అయితే ఎవరైనా బంతిని కాళ్లతో తిప్పుకుంటూ వస్తుంటే ఎదురుగా వెళ్లి "కాస్త ఇస్తారా?" అన్నట్టు నిలబడేదే తప్ప లాక్కునేది కాదు. కొన్నాళ్లు చూసి పిల్లలకి విసుగొచ్చింది. "తల్లీ, నువ్వెళ్లి గోల్లో నిలబడు. అక్కడైతే బంతే నీ దగ్గరికి వస్తుంది, ఎవర్నీ బతిమాలక్కర్లేదు" అని తోసేశారు. గోల్ అంటే రెండు మూటలు, దర్జీ కొట్లో పోగుపడిన గుడ్డపీలికల మూటలు.

ఆ మూటల మధ్య నిలబడ్డాకే తెలిసింది ఆ చేతులు వేరే రకమని. తండ్రి మిషను దగ్గర్నుంచి లేవకుండా దారపు ఉండ విసిరితే గాల్లోనే అందుకోవడం ఆమెకి నడక వచ్చినప్పటి నుంచీ అలవాటు. పక్కకి దూకి పీలికల మూట మీద పడటం పరుపు మీద దొర్లినంత సుఖంగా ఉండేది. అడిగి తీసుకోవడానికి మొహమాటపడే పిల్ల, తన దగ్గరికి వచ్చినదాన్ని మాత్రం చచ్చినా వదిలేది కాదు.

బళ్లో ఆటల టీచరు చూసింది, పోటీలకు తీసుకెళ్లింది. పోటీల్లో పెద్ద క్లబ్బు వాళ్లు చూశారు, పిలిపించుకుని పరీక్ష పెట్టారు. ఆఖరికి ఆ క్లబ్బు మహిళల జట్టులో రెండో కీపర్‌గా ఒక సీజన్‌కి తీసుకున్నారు. ఆడటానికి జీతం, ఉండటానికి గది. సీజన్ అయ్యాక నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే చెయ్యి కలిపి ఇంటికి పంపేస్తారు.

"ఇంతకీ ఉద్యోగం ఏమిటి తల్లీ?" అని దర్జీ అడిగాడు.

"గోల్ దగ్గర నిలబడి బంతి లోపలికి పోకుండా చూడటం నాన్నా."

"అంటే కాపలా అన్నమాట" అని ఆయన కాసేపు ఆలోచించి తృప్తిపడ్డాడు. "నమ్మకస్తులకే ఇస్తారండీ కాపలా."

క్లబ్బులో ఆడపిల్లలు ఉండేది మైదానం పక్కనున్న మేడలో. మెట్లెక్కితే వరసగా గదులు. గదికి రెండు ఇనప మంచాలు, ఒక కిటికీ, గోడకీ గోడకీ కట్టిన తీగ. ఈమెతో గది పంచుకున్నది జట్టు మొదటి కీపర్. ఆమెని దాటి బంతి లోపలికి వెళ్లడం అపురూపం కాబట్టి అందరూ ఆమెని గోడక్క అనేవాళ్లు. మొదటిరోజు గోడక్క తన పక్కబట్టలు కిటికీ దగ్గరి మంచం మీంచి తీసి లోపలి మంచం మీద వేసుకుంది. "నాకు వెలుతురుంటే నిద్ర పట్టదు. నువ్వు అక్కడ పడుకో" అంది. తర్వాత రోజూ సాయంత్రం గోడక్క వచ్చి అదే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, చివరి వెలుతురు పోయేదాకా అక్కడే కూర్చునేది. కొత్త పిల్ల అది గమనించింది. ఆ రాత్రి దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు గోడక్క పేరు కూడా చేర్చింది.

గ్లవ్స్ ఎలా ఉతకాలో కూడా గోడక్కే నేర్పింది. గోరువెచ్చని నీళ్లలో మెల్లగా పిండాలి, నీడలో ఆరెయ్యాలి. ఎండలో పెడితే అరచేతి రబ్బరు బీటలు వారి బంతి జారిపోతుంది. ఎవరు ముందు నిద్ర లేస్తే వాళ్లు రెండో వాళ్ల గ్లవ్స్ కూడా తీగ మీద ఇటు నుంచి అటు తిప్పేవాళ్లు.

ఆట మొదలైన మొదటిరోజే ఆమెకి పేరు పడింది. "అక్కా, కాస్త కాలు తీస్తారా? బంతి వేస్తారా అండీ? ఇటు రావొద్దండీ, తగులుతుంది." మధ్యాహ్నం భోజనాల దగ్గర నవ్వులే నవ్వులు. జట్టు కెప్టెన్, నడిమి డిఫెండరు, అందరికన్నా పెద్దది. ఆమెని పెద్దక్క అనేవాళ్లు. ఆమె గ్లాసు ఎత్తి పట్టుకుని, "అండీ అండీ అనే ఈ అమ్మకి ఇవాళ్టి నుంచి అండమ్మ అని నామకరణం చేస్తున్నాను. అభ్యంతరం ఉన్నవాళ్లు అండి పెట్టి చెప్పండి" అంది. అండమ్మ కూడా నవ్వింది.

ఒక్క కోచ్ మాత్రం అండమ్మకి మర్యాద ఇచ్చేది. ఆమె ఒకప్పుడు పేరున్న ఆటగత్తె. మెళ్లో విజిలు, గొంతులో ఇంకో విజిలు. "ఒసేయ్, పరిగెత్తమంటే వాకింగ్ చేస్తావేంటే?" అని పెద్దక్కని కూడా కసురుకునే మనిషి, అండమ్మ దగ్గరికి వచ్చేసరికి "మీరు ఆ పక్క నిలబడండి" అనేది. అండమ్మ ఈ సంగతి ఫోన్లో తండ్రికి గొప్పగా చెప్పుకుంది. "చూశారా తల్లీ! సంస్కారం ఎక్కడున్నా ఇట్టే తెలిసిపోతుంది" అని ఆయన పొంగిపోయాడు.

సీజన్ సగంలో ఉండగా గోడక్క వేలు విరిగింది. ప్రాక్టీసులో పడ్డ మామూలు బంతే, వేలు చివర తగిలి వెనక్కి మడిచేసింది. చేతికి కట్టు వేసుకుని గదికొచ్చి, చొక్కా గుండీ పెట్టుకోలేక తంటాలు పడుతుంటే అండమ్మ వెళ్లి పెట్టింది.

"దర్జీ కూతురివి కదా, గుండీలకి నిన్ను మించిన వాళ్లు ఎవరున్నారు" అని గోడక్క నవ్వబోయి ఆగింది. "ఇక నువ్వేనే గోల్లో. భయపడకు. నీకు చేతులున్నాయి."

చేతులున్న మాట నిజమే. ఆ ఆదివారం ఆటలో అండమ్మ మొదటి సగమంతా చక్కగా కాసింది. ఒక బంతిని పక్కకి దూకి వేలి చివరతో నెట్టినప్పుడు గ్యాలరీలో కూర్చున్నవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. రెండో సగంలో వచ్చింది అసలు బంతి. ఎదుటి జట్టు పిల్ల ఎడం పక్క నుంచి ఎత్తుగా లోపలికి కొట్టింది. వంపు తిరుగుతూ దిగుతున్న ఆ బంతి తనదేనని అండమ్మకి తెలిసిపోయింది. గోల్ వదిలి ముందుకొచ్చింది. అదే బంతి కోసం పెద్దక్క, కళ్లు ఆకాశంలో పెట్టి, వెనక్కి వెనక్కి వస్తోంది. ఇలాంటప్పుడు కీపర్ అరవాలి, అరిస్తే మిగతావాళ్లు తప్పుకుంటారు. అండమ్మ అరిచింది. గట్టిగానే అరిచింది.

"అక్కా, మీరు..."

పెద్దక్క చెవిన పడింది అంతవరకే. అక్కా మీరు అంటే ఏమిటి? అక్కా మీరే తీసుకోండి అనే కదా! ఎగిరి తలతో కొట్టింది. "...వదిలెయ్యండి!" అనే మిగతా సగం అండమ్మ నోట్లోంచి బయటపడేసరికి, బంతి ఆమె నెత్తి మీదుగా వెళ్లి, ఖాళీ గోల్లో ఒకసారి గెంతి, వలకి చేరగిలబడింది.

ఆ ఒక్క గోలుతోనే ఆట పోయింది.

బట్టలు మార్చుకునే గదిలో అండమ్మ బెంచీ మీద తల వంచుకుని, గ్లవ్స్ పట్టీ విప్పుతూ మళ్లీ బిగిస్తూ కూర్చుంది. పెద్దక్క వచ్చి పక్కన చతికిలబడింది. బూట్లు విప్పి, మట్టి దులిపి, అప్పుడు నోరు విప్పింది.

"ఒక మాట అడుగుతాను చెప్పు. ఇల్లు తగలబడుతుంటే ఏమని అరుస్తావే? 'ఏమండీ, తమరింటికి నిప్పంటుకున్నట్టుంది, వీలు చూసుకుని బయటికొస్తారా' అంటావా?"

అటు మూల ఎవరో కిసుక్కుమన్నారు. అండమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నోరు తిరగదక్కా. పెద్దవాళ్లని అలా అనడం నాకు చేతకాదు. కోచ్ మేడమ్ కూడా నన్ను మీరు అంటారు కదా."

పెద్దక్క మొహంలో నవ్వు పోయింది. ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు చూసి, గొంతు తగ్గించింది. "పిచ్చిదానా. ఆవిడ మీరు అందంటే మర్యాద కాదే. ఇంటికొచ్చిన చుట్టాన్ని మీరు అంటాం చూడు, అలాగ. ఎప్పుడో వెళ్లిపోయేవాళ్లని. నన్ను మొదటేడు సగం దాకా మీరు అంది. ఆవిడ నోట 'ఏమే' వచ్చినరోజు పెట్టెలో బట్టలన్నీ తీసి బీరువాలో సర్దుకున్నాను."

అండమ్మ చేతిలో గ్లవ్ పట్టీ అలాగే ఉండిపోయింది. తండ్రికి గొప్పగా చెప్పుకున్న సంగతి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

మర్నాడు కోచ్ తన గదికి పిలిచింది. బల్ల మీద విజిలు, చల్లారిపోయిన టీ. "కూర్చోండి" అంది. ఆ మాట ఇప్పుడు వేరేగా వినబడింది.

"మీ పెద్దక్క పొద్దున్నే వచ్చి, తలా నాదే తప్పూ నాదే అని చెప్పి వెళ్లింది. నేను నమ్మలేదు. మీ చేతుల మీద నాకు అనుమానం లేదు. నోటి మీదే. కీపర్‌కి మైదానమంతా కనబడుతుంది, మిగతావాళ్లకి కనబడదు. మీరు చెప్పకపోతే వాళ్లు గుడ్డివాళ్లే. బయటి నుంచి ఇంకో కీపర్ కోసం మాట్లాడుతున్నాం. వచ్చే ఆట మాత్రం మీరే ఆడతారు. అది చూసి నిర్ణయిస్తాను."

"సరేనండీ" అంది అండమ్మ. అని, నాలుక కరుచుకుంది.

ఆ వారమంతా ప్రాక్టీసు అయ్యాక పెద్దక్క ఆమెని వెళ్లనిచ్చేది కాదు. గోడక్క ఎడం చేత్తో బంతులు విసిరేది, పెద్దక్క వెనక్కి నడిచేది, అండమ్మ అరవాలి.

"ఒక్క మాట చాలు. వదిలెయ్! అంతే. చెప్పులు ఇంటి బయట విడుస్తాం చూడు, అలా నీ అండీలు, మీరులు అన్నీ ఆ మైదానం గీత బయట విడిచి రా. ఆటయ్యాక తొడుక్కుందువు గాని. ఎవరూ ఎత్తుకుపోరులే."

"వదిలెయ్..." అనేది అండమ్మ. మొహం చూస్తే ఎవర్నో చెంపదెబ్బ కొట్టినట్టుండేది. ఒక క్షణం ఆగి, చిన్న గొంతుతో "...అండి" అనేది.

గోడక్క బంతి కింద పడేసి కడుపు పట్టుకుని నవ్వేది. "కాస్త తిట్టవే నన్ను, నోరు సాగుతుంది!" అని పెద్దక్క బతిమాలేది. "తిట్టలేను అక్కా." "నా కోసం." "మీరు... మీరు చాలా... పొడుగు." ఇక ముగ్గురూ గడ్డిలో కూలబడిపోయేవాళ్లు. నవ్వుతూనే ఉన్నా అండమ్మకి లోపల గుబులుగా ఉండేది. రోజులు జారిపోతున్నాయి, నాలుక మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆఖరికి మాట లేకుండా వట్టి కేక పెట్టి చూసింది. అది ఎవరికి, ఎందుకు అని పెద్దక్కకి తెలియక ఇద్దరూ ఒకరి మీదొకరు పడ్డారు.

ఆటకి ముందు ఒక రోజు సెలవిచ్చారు. అండమ్మ ఇంటికి బయల్దేరింది. బస్సు నిండుగా ఉంది. నిద్రపోతున్న బిడ్డని భుజాన వేసుకుని ఒకావిడ ఎక్కితే, కండక్టరు టికెట్ల సంచీ ఉన్న తన సీటులోంచి లేచి, "నువ్వు కూర్చో తల్లీ ముందు. టికెట్టు ఎక్కడికీ పారిపోదు" అన్నాడు. ఆవిడ మొహం విచ్చుకుంది. అండమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఆ మాట గురించే ఆలోచించింది. నువ్వు అన్నాడు, ఆవిడకి చిన్నతనం అనిపించలేదు. ఎందుకనో అప్పుడు తెలియలేదు.

ఇంట్లో అంతా మామూలే. మిషను చప్పుడు, ఇస్త్రీ వాసన, గుడ్డ మీద పిల్లి. తల్లి గ్లవ్స్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఊడిపోతున్న పట్టీని కుట్టడం మొదలుపెట్టింది. తండ్రి వేడి టీ తెచ్చి ఇచ్చాడు. "మేడమ్ గారు బాగున్నారా తల్లీ? మర్యాదగానే చూస్తున్నారా?"

"చాలా మర్యాదగా చూస్తున్నారు నాన్నా" అంది అండమ్మ. ఆయన సంతోషపడ్డాడు. ఆమె టీ గ్లాసు మీదికి వంగి ఊదుకుంది.

మర్నాడు పొద్దున్నే మెలకువ వచ్చేసరికి నాయనమ్మ మంచం అంచున కూర్చుని, కళ్లు మూసుకుని, రోజూ లాగే దేవుడితో మాట్లాడుతోంది. నాయనమ్మది దండం పెట్టుకోవడం అనడానికి లేదు, లెక్క అడగడం అనాలి.

"ఏమయ్యా, లేచావా? నా మోకాలు సంగతి చూస్తానన్నావు, ఏం చూశావు? పోనీలే, అది అలా ఉంచు. నా మనవరాలు వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. ఎందుకో నువ్వు నాకు చెప్పవు, అది అసలే చెప్పదు. దాన్ని మాత్రం చూసుకో. లేకపోతే నీకూ నాకూ చెడుతుంది, ముందే చెబుతున్నాను."

అండమ్మ చిన్నప్పటి నుంచీ ఈ మాటలు వింటూనే నిద్ర లేచింది. ఇవాళ కొత్తగా విన్నట్టు లేచి కూర్చుంది.

"నాయనమ్మా, దేవుణ్ణి నువ్వు అంటారేంటి మీరు?"

నాయనమ్మ ఒక కన్ను తెరిచింది. "నువ్వేమంటావే?"

అండమ్మకి ప్రతి రాత్రీ ఇనప మంచం మీద కూర్చుని తను అనే మాట గుర్తొచ్చింది. దేవుడా, నువ్వే చూసుకో. నువ్వు! పాలు పోసే మనిషిని మీరు అనే నోటితో, లోకాలన్నీ ఏలేవాణ్ణి ఇన్నేళ్లుగా నువ్వు అంటూనే ఉంది. ఒక్కనాడైనా తప్పనిపించలేదు. తప్పని ఆయనా అనుకున్నట్టు లేదు.

అప్పుడు ఇక దాచుకోలేక జరిగినదంతా చెప్పేసింది. అక్కా మీరు దగ్గర్నుంచి కోచ్ గది దాకా. నాయనమ్మ మధ్యలో అడ్డు రాకుండా వింది, అది ఆమె జీవితంలో అరుదు. విని, నవ్వింది.

"మీ నాన్న అనే 'అండి' చొక్కా లాంటిదే. ఎదుటివాడు చేతులెత్తి నిలబడితే కప్పుతాడు. మంచిదే, నేను కాదనను. కానీ బంతి మీదికొస్తుంటే చొక్కా తొడుగుతూ కూర్చుంటావా? ఆపదలో మనిషి ఎంత దగ్గరైతే మాట అంత పొట్టిగా ఉండాలి. నేను ఆ దేవుడికి గారు తగిలించి పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారని అటు తిరిగి పడుకుంటాడు."

"మరి పెద్దక్క ఏమీ అనుకోరంటారా?"

"దేవుడే అనుకోలేదు, మీ పెద్దక్క ఆయన కన్నా పెద్దదటే?"

పొద్దుటి బస్సులో తిరిగొచ్చి, ఆ రోజు ఆటకి ముందు మైదానం గీత దగ్గర అండమ్మ ఒక క్షణం ఆగింది. కళ్లు మూసుకుని, దేవుడా, నువ్వే చూసుకో అంది. ఆ మాట నాలుక మీద ఎలా పలికిందో, ఎంత తేలిగ్గా, ఎంత ప్రేమగా పలికిందో గమనించుకుంది. తర్వాత గీత దాటింది.

మొదట్లో అవకాశం రాలేదు. బంతి అటే ఉండిపోయింది. అరవాల్సిన పని లేక అండమ్మ గ్లవ్స్ పట్టీ బిగించుకుంటూ నిలబడింది. కోచ్ గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. బెంచీ మీద గోడక్క, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, తనే గోల్లో ఉన్నట్టు ముందుకు వంగి కూర్చుంది.

అప్పుడు ఎదుటి జట్టుకి కార్నర్ వచ్చింది. మూల నుంచి కొట్టిన బంతి ఎత్తుగా లేచి, గోల్ ముందు గుంపుగా నిలబడ్డ వాళ్ల నెత్తి మీదికి దిగుతోంది. అదే వంపు, అదే తావు. పెద్దక్క కళ్లు ఆకాశంలో పెట్టి వెనక్కి వెనక్కి వస్తోంది. అండమ్మ ముందుకు కదిలింది.

"వదిలెయ్!"

ఆ గొంతు ఎవరిదో అని గ్యాలరీలో కూర్చున్నవాళ్లు కూడా చూశారు. పెద్దక్క చప్పున తల వంచేసింది. అండమ్మ ఆమె భుజం మీదుగా లేచి, రెండు చేతులతో బంతిని అందుకుని, గుండెకి అదుముకుని కింద పడింది. మెత్తటి పీలికల మూట మీద పడినట్టే ఉంది.

ఇక ఆ నోరు ఆగలేదు. "ఎడం పక్క చూడు! నీ వెనక ఉంది, తిరుగు! అక్కా, పైకి పో, పో, పో!" ఆడపిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, చెప్పినట్టు కదిలారు. ఒకసారి ఒక డిఫెండరు ఆలస్యంగా తిరిగితే "నిద్రపోతున్నావా?" అని కూడా అరిచింది. అది అచ్చం నాయనమ్మ గొంతు. అరిచాక తనకే ఆశ్చర్యం వేసింది.

ఒక గోలు కొట్టారు గాని, ఆట గెలిచారని చెప్పడానికి లేదు. చివర్లో ఎదుటి జట్టు పిల్ల దూరం నుంచి కొట్టిన బంతి ఒకటి గడ్డిని రాసుకుంటూ వచ్చి కుడి మూలలో దూరింది. అండమ్మ దూకింది కానీ అందలేదు. చెరొక గోలుతో సమానంగా ముగిసింది.

విజిలు మోగగానే అండమ్మ పెద్దక్క దగ్గరికి పరిగెత్తింది. గీత ఇంకా దాటలేదని చూసుకుని, గీత దాటేదాకా పక్కనే నడిచి, అప్పుడు అంది. "అక్కా, ఏమీ అనుకోకండి. ఆటలో మిమ్మల్ని..."

"అమ్మయ్య, తొడుక్కున్నావా చెప్పులు?" అని పెద్దక్క ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి గట్టిగా దగ్గరికి లాక్కుంది. బెంచీ దగ్గర్నుంచి గోడక్క అరిచింది. "ఒసేయ్ అండమ్మా! నీలో అండి పోయి అండ మిగిలిందే!"

కోచ్ మాత్రం నవ్వలేదు. విజిలు తాడు వేలికి చుట్టుకుంటూ దగ్గరికి వచ్చింది. అండమ్మ నిటారుగా నిలబడింది. ఇప్పుడు ఏ మాట వస్తుందో దానిలోనే అంతా ఉందని ఆమెకి తెలుసు.

"ఏమే" అంది కోచ్. "ఆ మూల బంతికి ఎడం కాలు ముందెందుకు పడింది? కాలు సరిగ్గా వేసుంటే అందేది. రేపు పొద్దున అందరికన్నా ముందు మైదానంలో ఉండాలి నువ్వు. వేరే కీపర్ వస్తోంది కదా అని పడుకున్నావో, చెబుతున్నా, ఎవరూ రావట్లేదు. వద్దని చెప్పేశాను. ఆలస్యమైతే మైదానం చుట్టూ పరిగెత్తిస్తా."

"అలాగేనండీ!" అని అండమ్మ ఇంచుమించు అరిచింది.

కోచ్ వెనక్కి తిరిగి వెళ్లిపోతూ, ఎవరికీ కనబడకుండా నవ్వుకుంది. ఒక్క గోడక్కకి కనబడింది.

గదికి వచ్చి గ్లవ్స్ ఉతికి, నీడపట్టున తీగ మీద ఆరేసి, తల్లి కొత్తగా కుట్టిన పట్టీని ఒకసారి వేలితో తడిమి, అండమ్మ ఇంటికి ఫోన్ చేసింది. అటువైపు మిషను చప్పుడు ఆగింది.

"నాన్నా! మేడమ్ ఇవాళ నన్ను ఏమే అన్నారు!"

దర్జీ కంగారుపడ్డాడు. "అయ్యయ్యో! ఏమే అన్నారా? అంత పెద్దమనిషి! ఏం పొరపాటు జరిగింది తల్లీ?"

"పొరపాటు కాదు నాన్నా, అదీ..."

అటు పక్క ఏదో పెనుగులాట. నాయనమ్మ గొంతు దగ్గరికి వచ్చింది. "ఒరేయ్, ఇలా తే ఫోను. నీకు తెలియదు. ఏమే అందా? నిజంగా ఏమే అందా? అయితే ఉద్యోగం ఖాయమే! చెప్పాను కదుటే, పొద్దున్నే గట్టిగా అడిగాను ఆయన్ని." ఆపైన ఫోను పక్కకి తిప్పి, పైకి చూసి కాబోలు, ఇంకెవరితోనో అంది. "సరేలే, ఇది బాగానే చేశావు. ఇక నా మోకాలు సంగతి చూడు."

ఫోను మళ్లీ దర్జీ చేతికి వచ్చింది. నాయనమ్మ చెప్పినదంతా విన్నా ఆయనకి మనసు కుదుటపడలేదు. గొంతు తగ్గించి, ఎంతో జాగ్రత్తగా అన్నాడు.

"మేడమ్ గారికి నా నమస్కారాలు చెప్పండి తల్లీ. వారి కోపం తగ్గాకే చెప్పండి."